ఆడ కుందేలుకు ఆపరేషన్: మేము తెలుసుకున్న సంగతులు



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, భూగోళం వేడెక్కడం గురించి రాద్దామని ముందు అనుకున్నాం. కానీ అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము కళ్లారా చూసి, భయపడి, నలుగురిని అడిగి తెలుసుకున్న విషయం ఇంకొకటి ఉంది. అది మన వాచ్‌మన్ తాత గదిలో ఉండే కుందేళ్ల సంగతి. 'కుందేళ్ల మీద వ్యాసమా?' అని రూమ్ నంబర్ 6 వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ఆపరేషన్ రోజు రాత్రి తెల్లవార్లు మేలుకున్నది కూడా వాళ్లే!

ముందు రాణి గురించి చెప్పాలి. అన్నలకు రాణి బాగా గుర్తుండే ఉంటుంది. 2017లో అప్పటి సీనియర్లు చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో కొని తెచ్చారు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. వాళ్లు చదువులు ముగించి వెళ్లిపోయారు, రాణి మాత్రం తాత దగ్గరే ఉండిపోయింది. మేము 2021లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరేసరికి అది హాస్టల్‌లో మాకన్నా సీనియర్. అప్పుడప్పుడు ఛాతీ మీది వెంట్రుకలు పీక్కుని, పేపరు ముక్కలతో కలిపి మూలన గూడు కట్టేది. మాకు అది ముద్దుగా అనిపించేది. అది ఉత్తుత్తి చూలు అని, మగదాని జాడ లేకపోయినా ఆడ కుందేలుకు అలా వస్తుందని, పదహారు పద్దెనిమిది రోజులకు అదే తగ్గుతుందని తర్వాత తెలిసింది.

2022లో రాణి మూత్రం ఎర్రగా రావడం మొదలైంది. మెస్‌లో బీట్‌రూట్ వండిన రోజు ఆకులు దానికే వేసేవాళ్లం కాబట్టి ఆ రంగే అనుకున్నాం. ఈ పొరపాటు ఎవరైనా చేసేదే. తిన్న ఆకును బట్టి కుందేలు మూత్రం నారింజ రంగులో, ఎరుపులో రావడం మామూలే. కానీ గడ్డలు గడ్డలుగా, మూత్రం చివరన చుక్కలుగా వస్తే అది రక్తం. ఆ తేడా మాకు తెలియదు. దాదాపు రెండు నెలలు బీట్‌రూట్‌ను తిట్టుకుంటూ గడిపాం. తిండి మానేశాక పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డలు, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి. ఊపిరితిత్తుల దాకా పాకిందన్నారు. పదకొండు రోజులకు రాణి చనిపోయింది. తాత రెండు పూటలు అన్నం తినలేదు.

ఆ డిసెంబరులో తాత కోసం మళ్లీ రెండు పిల్లలను కొన్నాం. రెండూ ఆడవే అని అమ్మినతను ఒట్టేసి చెప్పాడు. వాటికి మల్లి, రోజా అని పేర్లు పెట్టాం. రెండు మూడు నెలల పిల్లల్లో ఆడామగా తేడా చూపి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. వేసవి మొదలయ్యేసరికి మల్లి ఆరు పిల్లలను పెట్టింది. రోజా పేరు రాజుగా మారింది. కుందేలు చూలు 30 నుంచి 32 రోజులు. పైగా ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు దీనికి ఎదకు ప్రత్యేకంగా కాలమంటూ లేదు, మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది. ఈ సంగతులు మేము చదివేలోపే రెండో ఈత కూడా అయిపోయింది. పిల్లలను లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ సందుల్లో తెలిసిన ఇళ్లన్నిటికీ పంచాం. 'ఇంకొక్క ఈత వచ్చిందంటే మీరూ, మీ కుందేళ్లూ కలిసి బయటికే' అన్నారు వార్డెన్ సార్.

ఇక్కడే మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఆదుకున్నారు. మన హాస్టల్‌లోనే ఉండి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదివి, ఇప్పుడు ఒక జిల్లాలో పశువైద్యుడిగా పనిచేస్తున్నారు. ఫోన్ చేయగానే ఆయన అన్న మొదటి మాట: 'ముందు రాజుకు చేయించండిరా.' మగదాని ఆపరేషన్‌లో పొట్ట కోయరు. ఊళ్లో ఎద్దులకు విత్తులు కొట్టించడం అందరం చూసినదే. కుందేలుకు మత్తు ఇచ్చి చిన్న కోతతో వృషణాలు తీసేస్తారు. సమయం తక్కువ, ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ. అయితే వృషణాలు పొట్టలోకి వెనక్కి పోయే దారి కుందేలులో జీవితాంతం తెరిచే ఉంటుంది. అందుకని డాక్టరు ఆ దారిని మూయాలి, లేకుంటే పేగు కిందికి జారవచ్చు. ఇంకో మాట గట్టిగా చెప్పారు. ఆపరేషన్ అయిన వెంటనే రాజు 'మంచివాడు' అయిపోడు. లోపల మిగిలిన బీజంతో నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది, అన్నాళ్లూ విడిగా ఉంచాలి. 2023 ఆగస్టులో రాజుకు ఆపరేషన్ అయింది. సాయంత్రానికే కొత్తిమీర కట్ట సగం తినేశాడు. ఇక ఈతల సమస్య తీరింది.

మరి మల్లికి ఎందుకు? అసలు చర్చ ఇదే. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాసిందీ ఇందుకే. పిల్లలు కాకుండా ఉండడానికి మగదానికి చేయిస్తే సరిపోతుంది. ఆడదానికి చేయించేది ఆ కుందేలు ప్రాణం కోసం. అమెరికాలో ప్రయోగశాల కుందేళ్ల మందలను గత శతాబ్దంలో ఏళ్ల తరబడి గమనించిన శాస్త్రవేత్తలు గర్భసంచి క్యాన్సర్ వయసుతోపాటు ఎలా పెరుగుతుందో లెక్కగట్టారు. అలాంటి ఒక మందలో రెండు మూడేళ్ల ఆడ కుందేళ్లలో నూటికి నాలుగింటికే ఉంటే, ఐదారేళ్ల వాటిలో నూటికి ఎనభైకి కనిపించింది. ఈ అంకె చదివి మేము ఉలిక్కిపడ్డాం. ఒకే మంద కాబట్టి వంశపారంపర్యం కూడా కలిసి ఉంటుంది, అన్ని జాతుల్లో ఇంత ఉండదు అని అన్న సర్దిచెప్పారు. అయినా ఆడ కుందేలుకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదేనన్నది మాత్రం ఖాయం. ఈనినా ఈనకున్నా రావచ్చు. మగదాని మొహమైనా చూడని రాణికి వచ్చింది కదా.

అలాగని ఆపరేషన్ మామూలు విషయం కాదు. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు నూటికి పైగా పశువైద్యశాలల్లో మత్తు ఇచ్చిన జంతువులను లెక్కించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. మత్తు వల్ల రెండు రోజుల్లోపల చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. అంటే 72 కుందేళ్లలో ఒకటి. ఇవి అన్ని రకాల ఆపరేషన్లూ కలిపిన లెక్కలు. కానీ అసలు చూడవలసింది దీని లోపలి అంకె. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లలో అది 0.73 శాతం, దాదాపు 137లో ఒకటి. జబ్బుపడిన వాటిలో 7.37 శాతం, అంటే 14లో ఒకటి! గర్భసంచిలో గడ్డ వచ్చాక ఆపరేషన్ చేయించవచ్చులే అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకొక సంగతి ఏమిటంటే, చనిపోయిన కుందేళ్లలో సగానికి పైగా ఆపరేషన్ బల్ల మీద పోలేదు. ఆపరేషన్ అయిపోయాక పోయాయి.

ఈ లెక్కలు విన్నాక రూములో పెద్ద వాదన జరిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఎవరి మాట మీద వాళ్లు నిలబడ్డారు, ఇక్కడ నిజంగానే కుందేలు కూడా ఉంది! 137లో ఒకటి అంటే ఆ ఒకటి మల్లి అయితే ఎలా అని ఒకరు. ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోయి సంపాదించిన డబ్బులు కుందేలుకా అని ఇంకొకరు. వీటికన్నా బరువైన మాట నల్గొండ తమ్ముడు అన్నాడు. 'మా చిన్నమ్మకు ముప్పై ఏళ్లు నిండకముందే కడుపునొప్పి అని పోతే క్యాన్సర్ వస్తదని బెదిరించి గర్భసంచి తీసేసిండ్రు. ఇప్పటికీ నడుము నొప్పితో కూలికి పోలేకపోతున్నది. ఇప్పుడు మీరూ అదే మాట చెప్తున్నరు.'

ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. వాడన్నది కట్టుకథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎనిమిది శాతం దాటారు. మన ఇళ్లలో ఆ బాధ తెలియనివాళ్లు తక్కువ. అదే ప్రశ్న అన్నను అడిగాం. ఆయన కోప్పడలేదు. 'వాడు అడిగింది సరైన ప్రశ్నే. మనిషిలో గర్భసంచి క్యాన్సర్ అంత ఎక్కువ రాదు. వచ్చినా ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకు వస్తుంది, రక్తం కనబడగానే పరీక్ష చేయించుకునే వీలుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భసంచిని భయపెట్టి తీయడం తప్పే. కుందేలు శరీరం వేరు. మనిషి లెక్క కుందేలుకు పనికిరాదు, కుందేలు లెక్క మనిషికి పనికిరాదు' అన్నారు. ఆపరేషన్ వద్దనుకుంటే ఇంకో దారి కూడా చెప్పారు. మూడేళ్లు దాటాక ఏటా స్కానింగ్ చేయిస్తూ, మూత్రం రంగు గమనిస్తూ ఉండవచ్చు. అదీ తప్పు కాదు. కానీ హాస్టల్ పిల్లలు ఏటా మారిపోతారు, ఆ స్కానింగ్ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రాణి విషయంలో జరిగింది చూశాం. చివరికి నల్గొండ తమ్ముడే చేయిద్దామన్నాడు.

ఇక ప్రమాదం ఎక్కడెక్కడ ఉంటుందో మాకు అర్థమైనంత వరకు చెబుతాం. కుందేలు నోరు ఇరుకు, పొడుగు. కుక్కకు వేసినంత సులువుగా గొంతులోకి గొట్టం వేయలేరు. ఊపిరితిత్తులు ఒంటితో పోలిస్తే చిన్నవి. పైకి ఆరోగ్యంగా కనిపించినా చాలా కుందేళ్లలో ముక్కు, ఊపిరితిత్తుల్లో సూక్ష్మక్రిములు దాక్కుని ఉంటాయి, మత్తులో అవి ఊపిరికి అడ్డమవుతాయి. భయపడితేనే గుండె దడదడలాడే జీవి అది. పొట్ట కోసినప్పుడు కిందనే ఉండే పెద్ద పేగు సంచి పలుచగా ఉంటుంది, కత్తి తగిలితే అంతే. గర్భసంచి కూడా ఒకటి కాదు, రెండు. రెంటికీ వేర్వేరు మూతులు. వయసు పెరిగేకొద్దీ దాని చుట్టూ కొవ్వు పేరుకుని రక్తనాళాలు కనబడవు. అందుకే ఐదారు నెలలు నిండాక, రెండేళ్లు దాటకముందు చేయించడం మంచిదంటారు. మల్లికి అప్పటికి ఏడాది దాటింది.

కాలం కూడా చూసుకున్నాం. మే నెల ఎండకు కుందేలు ఆపరేషన్ లేకుండానే వడదెబ్బకు పోతుంది. ఆషాఢంలో అయితే మన వీధి సంగతి చెప్పనక్కర్లేదు. సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలకు డప్పులు, పోతరాజుల కేకలు, టపాకాయలతో మనకే నిద్ర ఉండదు, కుట్లతో ఉన్న కుందేలు ఏం తట్టుకుంటుంది? అందుకే 2024 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోయాక రోజు కుదుర్చుకున్నాం.

డాక్టరును వెతకడానికే మూడు వారాలు పట్టింది. మొదట అడిగిన చోట 'రాత్రి నుంచి నీళ్లు కూడా పెట్టకుండా తీసుకురండి' అన్నారు. కుక్కకైతే రాత్రి నుంచి తిండి ఆపమనడం మామూలే, ఎందుకంటే మత్తులో వాంతి చేసుకుంటే ప్రమాదం. కుందేలుకు వాంతి రాదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. పైగా దాని పేగు ఆగకుండా కదులుతూ ఉండాలి, ఖాళీగా ఉంచితే ఆగిపోతుంది. అన్నకు ఫోన్‌లో ఈ మాట చెప్పగానే 'అక్కడి నుంచి వచ్చేయండి' అన్నారు. ఏం అడగాలో నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చారు. కుందేళ్లకు ఇదివరకు ఎన్ని చేశారు? తిండి ఎప్పుడు ఆపమంటారు? మత్తులో ఉన్నప్పుడు ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారు? తర్వాత నొప్పికి ఏ మందు, ఎన్నాళ్లు ఇస్తారు? నాలుగింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన డాక్టరమ్మ మూడో చోట దొరికారు. తిండి గంట ముందు వరకు పెట్టవచ్చు, నోట్లో గడ్డి మిగలకుండా చూస్తే చాలు అన్నారు. బరువు సరిగ్గా తెలియాలన్నారు, మత్తుమందు లెక్క దాని మీదే. మేము కిరాణా షాపు తరాజులో తూచి రెండున్నర కిలోలని గర్వంగా చెప్పాం. ఆవిడ తూస్తే రెండు కిలోల వంద గ్రాములు! మల్లిని కూర్చోబెట్టిన బుట్ట బరువు మేము తీసేయలేదు.

ఆపరేషన్ పగలు పదకొండింటికి మొదలై గంటలోపే అయిపోయింది. కుట్లు కొరుక్కోకుండా చర్మం లోపలి నుంచే వేశారు. కుక్కలకు మెడకు కట్టే గరాటా లాంటి పట్టీ దీనికి వద్దన్నారు. అది కడితే కుందేలు తన మెత్తటి పెంటికలను తాను తినలేదు. అసహ్యంగా అనిపించినా, అవి తింటేనే దానికి పూర్తి పోషణ అందుతుంది. మత్తు పూర్తిగా దిగి, తల నిలబెట్టి కూర్చున్నాకే ఇంటికి పంపారు. సాయంత్రం ఐదింటికి ఆటోలో తెచ్చాం.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. మల్లి మూలన ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. కొత్తిమీర పెడితే ముఖం తిప్పేసుకుంది. 'పాపం అలిసిపోయింది, పండుకోనియ్యుండ్రి' అన్నాడు తాత. మాకూ అలాగే అనిపించింది. తొమ్మిదింటికి అన్న ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడిగారు: 'పళ్లు కొరుకుతున్న చప్పుడు వస్తోందా?' చెవి పెట్టి వింటే వస్తోంది, కటకటమని. 'అది నిద్ర కాదురా, నొప్పి. కుందేలు మామూలుగా ఏడవదు, అరవదు. అడవిలో నొప్పి బయటపెట్టిన కుందేలును నక్క ముందు పట్టుకుంటుంది. అందుకే దాచుకుంటుంది. నొప్పి ఉంటే తినదు, తినకపోతే పేగు ఆగుతుంది, పేగు ఆగితే గాలి పట్టి ఇంకా నొప్పి. ఈ చక్రం తిరగడం మొదలైతే తెల్లారేసరికి ఏమీ మిగలదు' అన్నారు. ఆపరేషన్ తర్వాత పోయిన కుందేళ్ల లెక్క అప్పుడు మాకు గుర్తొచ్చింది.

వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాం. ఆవిడ ఇచ్చిన నొప్పి మందు ఎంత వేయాలో చెప్పారు. మన తలనొప్పి మాత్రలు, జ్వరానికి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దన్నారు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా పడితే కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, దాని ప్రాణానికే వస్తుందట. పొట్ట తాకి చూడమన్నారు, డోలులా బిగుసుకుని ఉంటే ఏమీ పట్టకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. మెత్తగానే ఉంది. అప్పుడు కుందేలు దాణా గింజలను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసి, సూది తీసేసిన సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టాం. ఒక్కసారి ఒక్క మిల్లీలీటరు, అది నమిలి మింగాకే ఇంకొకటి. తొందరపడి ముందు నుంచి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాం. రాజును ఎదురుగా జాలీ అవతల కూర్చోబెట్టాం, దాని వాసన తగిలితే మల్లికి ధైర్యం.

ఒక పాత నోటుబుక్కులో గంట గంటకూ రాశాం. ఎంత పట్టాం, మందు ఎప్పుడు వేశాం, పెంటికలు ఎన్ని. ఆ చివరి గడిలో పదింటికి సున్నా, పదకొండుకు సున్నా, పన్నెండుకు సున్నా, రెండింటికి సున్నా. రూమ్ నంబర్ 6 వాళ్లు టార్చి పట్టుకుని వంతులు వేసుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి నల్గొండ తమ్ముడు గట్టిగా అరిచాడు, 'వేసింది! మూడు!' మిరియాలంత నల్లటి పెంటికలు మూడు. సెమిస్టర్ ఫలితాలకు కూడా అంత సంబరం చేసుకోలేదు. చప్పుడుకు లేచొచ్చిన వార్డెన్ సార్ సంగతి విని, 'పెంటికలకా ఇంత లొల్లి?' అన్నారు గానీ, వంగి లెక్కపెట్టారు. ఏడింటికి మల్లి తనంతట తాను ఒక మెంతి కొమ్మ నమిలింది.

పదో రోజుకు గాయం మానింది. గొరిగిన చోట బొచ్చు వచ్చేసరికి నెల దాటింది. గోడలు తవ్వడం తగ్గింది గానీ తాత చెప్పులు కొరకడం మానలేదు, అంటే ఆపరేషన్ అన్ని గుణాలనూ మార్చదన్నమాట.

అన్నలకు చిన్న మనవి. మేము 2023లో మీ ఇళ్లకు, మీ తెలిసినవాళ్ల ఇళ్లకు పంచిన పిల్లల్లో కనీసం నాలుగు ఆడవి. వాటికి ఇప్పుడు రెండేళ్లు దాటాయి. మల్లి నోటుబుక్కు వాచ్‌మన్ గది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. డాక్టరమ్మను అడగవలసిన నాలుగు ప్రశ్నలు మొదటి పేజీలో ఉన్నాయి. కావలసినవాళ్లు తాతను అడిగి రాసుకోవచ్చు, పుస్తకం మాత్రం మళ్లీ మేకుకే తగిలించండి.